డెల్మీరా గారికి మేము చెప్పని ధన్యవాదాలు

1986 మార్చి 3వ తేదీన, బ్రెజిల్ దక్షిణపు కొసనున్న మా బాజే పట్టణపు దంత పరిశోధనాలయంలో శ్రీమతి డెల్మీరా స్కియావోన్ గారు ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. ఒక చేతిలో నియామక పత్రం, మరో చేతిలో మాతె అనే తేనీటి ఆకు నింపి వేడినీళ్ళు పోసిన సొరకాయబుర్ర. నడవాలో అందరూ ఒకే వెండిగొట్టంతో వంతులవారీగా మాతె తాగుతుంటే, ఉత్తరాది నుంచి కొత్తగా వచ్చిన డైరెక్టరు గారు నిర్ఘాంతపోయారు.

"చిగుళ్ళ జబ్బు మీద పరిశోధన చేస్తూ ఎంగిలి గొట్టమేమిటమ్మా?"

"మా చిగుళ్ళన్నీ పరీక్షించేశారు సార్. మీవొక్కటే మిగిలాయి. కూర్చోండి."

ఆయన కూర్చున్నారు, తాగారు, మర్యాదకొద్దీ ధన్యవాదాలు చెప్పి బుర్ర తిరిగిచ్చారు. ఆ పూట మళ్ళీ ఆయన వంతు రాలేదు. బుర్ర తిరిగిస్తూ ధన్యవాదాలంటే మా వైపు 'ఇక నాకు చాలు' అని అర్థమని పాపం ఆయనకెవరూ చెప్పలేదు.

చిగుళ్ళను తినేసే క్రిమి పైపొరలో కొవ్వూ చక్కెరా కలిసిన ఒక పదార్థం ఉంటుంది. దాన్నే లైపోపాలీశాకరైడ్ అంటారు. అది మన రోగనిరోధక కణాలను ఒక ప్రత్యేకమైన ద్వారం గుండా రెచ్చగొడుతుందని 1994లో నిరూపించి, డెల్మీరా గారు మా సంస్థకు పేరు తెచ్చారు. ఆమె శిష్యులు డాక్టర్ ఎవాండ్రో పెరూజో గారు ఆ ఫలితం మీదే తమ పరిశోధన యావత్తూ నిలబెట్టుకున్నారు.

విరమణకు కొద్ది నెలల ముందు, ఊరికే కూర్చోలేని స్వభావం కొద్దీ, ఆమె ఆ పదార్థాన్ని మరోసారి కడిగి శుద్ధి చేసి కణాల మీద వేశారు. కణాలు ఉలకలేదు, పలకలేదు. మళ్ళీ చేశారు. అదే మౌనం. ఇన్నేళ్ళూ కణాలను లేపింది ఆ పదార్థం కాదేమో, దానికి అంటుకుని వచ్చిన మరేదో కావచ్చు. నోరు మూసుకుంటే సన్మానం, పతకం. తెరిస్తే జీవితకాలపు కీర్తి గంగపాలు. పతకం అందుకోవలసిన సభలోనే మైకు ముందు నిలబడి, "నా ఫలితం తప్పు. దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను" అన్నారు. చప్పట్లకు లేచిన చేతులు లేచినట్టే ఉండిపోయాయి. అంతటి దిగ్భ్రాంతి మేమెన్నడూ ఎరుగం.

"మూడు నెలలు ఓపిక పడితే రిటైరైపోయేవారు కదా మేడమ్! నా కొంపెందుకు ముంచారు?" అన్నారు ఎవాండ్రో గారు.

"మునిగే కొంపలో నిన్ను కూర్చోబెట్టింది నేనేనయ్యా. లేపాల్సిందీ నేనే."

మర్నాడు నడవాలో ఆమె అందించిన బుర్రను ఆయన ఖాళీ చేసి, తిరిగిస్తూ ధన్యవాదాలన్నారు. మళ్ళీ నింపడానికి వేడినీళ్ళ ఫ్లాస్కు వంచబోతున్న ఆమె చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఆ మాట ఆమెకు చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. అయినా రోజూ ఆయన వంతు రాగానే ఆమె ఒక్క క్షణం ఆగి, బుర్రను పక్కవారికి ఇచ్చేవారు.

ఆయన తలుపులు మూసుకుని స్వయంగా ఆ పదార్థాన్ని కడిగారు. కణాలు కదల్లేదు. ఆ కడుగునీళ్ళను పారబోయకుండా అందులో మిగిలిన కొవ్వంటిన మాంసకృత్తును పట్టి కణాల మీద వేసి చూస్తే, అవి భగ్గుమన్నాయి. అసలు దొంగ దొరికాడు. మర్నాటి ఉదయం ఎవాండ్రో గారు నడవాలోకొచ్చి, తలొంచుకుని బుర్ర కోసం చెయ్యి చాచారు.

"నీళ్ళు చల్లారిపోయాయయ్యా," అన్నారామె.

"మళ్ళీ కాచండి మేడమ్. నేనెక్కడికీ పోను."

డెల్మీరా గారు సంపూర్ణ ఆరోగ్యంతో, గట్టి పళ్ళతో, నిండు నూరేళ్ళూ కుటుంబసమేతంగా సుఖంగా వర్ధిల్లాలని మా అందరి ఆకాంక్ష. ఈ వ్యాసం చివర ఆనవాయితీ ప్రకారం ధన్యవాదాలని రాశాము. అచ్చుకు పంపే ముందు ఎవాండ్రో గారు చదివి, ఆ ఒక్క మాటా కొట్టేశారు.