ఊరందరికీ ఉద్యోగాలిచ్చిన గుమాస్తా

ఎంప్లాయ్‌మెంట్ ఆఫీసు గేటుకెదురుగా ఉన్న టీకొట్టులో రిటైరైన గుమాస్తాకి ఒక బల్ల ఖాయం. ఆఫీసు వదిలి ఆరేళ్లయినా ఆయన కబుర్లకి మాత్రం రిటైర్మెంటు లేదు. ఆ ఉదయం టీకొట్టు నడిపే అక్క కూతురు ఒక చేత్తో పేరు నమోదు ఫారం, ఇంకో చేత్తో పొరుగూరి వర్క్‌షాపు నుంచి వచ్చిన ఉత్తరం పట్టుకుని తేల్చుకోలేక నిలబడింది. వర్క్‌షాపులో పని నేర్పుతూ జీతమిస్తారట, కానీ చేరమన్నది ఈరోజే. బస్సు పదకొండింటికి. ఆ సంగతి వినేసరికి గుమాస్తాకి ఎక్కడలేని హుషారొచ్చింది.

"వర్క్‌షాపేంటమ్మా, చక్కగా ఫారం నింపు! నేను కొత్తగా చేరిన రోజుల్లో ఓ కుర్రాడొచ్చాడు. వాడి చేతులు చూసి ప్రింటింగ్ ప్రెస్సుకి పంపా. సాయంత్రానికల్లా ఉద్యోగం."

"అది నిజమే అయ్యుంటుంది," అన్నాడు ఆటో డ్రైవరు, టీ ఊదుకుంటూ.

"అయ్యుంటుందా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? పేరు నమోదు కార్డు ముట్టుకుంటే చాలు, ఎవరు దేనికి పనికొస్తారో నాకు తెలిసిపోయేది. కళ్లకి గంతలు కట్టుకుని బీరువాలోంచి తీసేవాణ్ణి, ఇది నర్సు, ఇది వెల్డరు, ఇది లెక్కల మాస్టారు అని. ఓసారి తుమ్మొచ్చి నాలుగొందల కార్డులు కిటికీలోంచి ఎగిరిపోయాయి. ఏ కార్డు ఏ కంపెనీ గుమ్మంలో పడిందో, ఆ మనిషికి అక్కడే ఉద్యోగం!"

"మరి తుమ్ముకి ప్రమోషనివ్వలేదా బాబాయ్?" అన్నాడు డ్రైవరు.

"నవ్వవయ్యా, నవ్వు. ఆర్నెల్లు తిరిగేసరికి ఊళ్లో నిరుద్యోగి అన్నవాడే లేడు. ఫ్యాక్టరీ ఓనర్లొచ్చి మా గేటు దగ్గర క్యూ కట్టారు, ఒక్క మనిషినిప్పించండి మహాప్రభో అని. వాళ్లకీ టోకెన్లిచ్చా! చివరికి మా డైరెక్టరు నా కాళ్ల మీద పడినంత పని చేశాడు. నిరుద్యోగులు లేకపోతే మన ఆఫీసు మూసేస్తారు, మనం రోడ్డున పడతాం, ఓ పదిమందినైనా మిగల్చవయ్యా అని. పోనీలే పాపమని మిగిల్చా."

కొట్టంతా గొల్లున నవ్వింది. నవ్వనిది ఆ పిల్లొక్కతే. నమ్మేసినట్టుంది, ఉత్తరం మడిచి పక్కన పెట్టి ఫారం తెరిచింది. గుమాస్తా గర్వంగా తన పెన్ను తీసిచ్చాడు.

అక్క గ్లాసులు కడగడం ఆపి, చేతులు తుడుచుకుని, గల్లా డబ్బా అడుగునుంచి ఒక కార్డు తీసి ఆయన ముందు పెట్టింది. అంచులు అరిగిపోయాయి. ముందువైపు ఆయన సంతకం, వెనక మూడేళ్లకోసారి వేసే రెన్యువల్ ముద్రలు ఏడు.

"మీరు మిగిల్చిన ఆ పదిమందిలో నేనొకదాన్ని బాబాయ్. కాల్ లెటరు ఏ క్షణానైనా రావచ్చు, ఎక్కువ దూరం వెళ్లకమ్మా అని ఆరోజు మీరే చెప్పారు. వెళ్లలేదు. ఇరవై మూడేళ్లుగా గేటుకెదురుగానే ఉన్నా."

ఈసారి ఎవరూ నవ్వలేదు. గుమాస్తా కార్డు తిరగేసి చూశాడు. ఏడింటిలో ఐదు ముద్రలు తను వేసినవే. ఆయనకి నిజంగా సిగ్గేసింది. పిల్ల చేతిలోంచి పెన్ను మెల్లిగా తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"ఏమయ్యా," అన్నాడు ఆటో డ్రైవరుతో, "టీ తర్వాత తాగుదువుగాని, బండి తియ్యి. అమ్మాయికి పదకొండింటి బస్సు అందాలి."