సిలాస్ నాలుకకి తెలియని ఎముక

ఆ దీవి దక్షిణపు ఒడ్డు జనానికి ఒక పిచ్చి ఉంది. గాలివానకి కొండచరియ విరిగిపడిందంటే చాలు, తెల్లారేసరికి ఊరు ఊరంతా ఇసుక మీద నడుం వంచి డైనోసార్ ఎముకలు వెతుకుతుంది. ఏ ఇంటి కిటికీ గట్టు చూసినా ఒక నల్లటి ఎముక ముక్క ఉంటుంది. మేవిస్ ఆర్చర్డ్ ఇంటి కిటికీలో మాత్రం పూలకుండీ ఒక్కటే ఉంది. అరవై రెండేళ్ళు అక్కడే పుట్టి పెరిగి ఒక్క ముక్కా దొరకలేదంటే తలవంపులు కాదూ!

మూడుసార్లు ఆమె మ్యూజియానికి రాళ్ళు మోసుకెళ్ళింది. మూడుసార్లూ అక్కడి అమ్మాయి నవ్వుతూ, "చాలా అందమైన రాయండీ" అంది. నాలుగోసారి ఆ మాట వినే ఓపిక మేవిస్‌కి లేదు. అందుకే ఈ శనివారం, మ్యూజియానికి వెళ్ళే పదకొండు గంటల బస్సు ఎక్కేముందు ఒడ్డున డల్సీ టీ బడ్డీ దగ్గర ఆగి, రుమాల్లో చుట్టిన ముక్కని సిలాస్ ఆట్రిల్ చేతిలో పెట్టింది. మూడు రోజులు పెరట్లో ఎండబెట్టిన ముక్క అది.

సిలాస్‌కి ఎముకల్లో నలభై ఏళ్ళ అనుభవం. ఆ మాట చెప్పింది కూడా సిలాసే.

అతను చిప్స్ పళ్ళెం పక్కనున్న డబ్బాలోంచి మూడు చెంచాలు టీలో వేసుకుని, గటగటా తాగి, ఆ తడినోటితోనే ముక్కని నాలుకకి తగిలించి తీసేశాడు.

"రాయి," అన్నాడు.

మేవిస్ మొహం వాడిపోయింది. "సరిగ్గా చూశారా సిలాస్ గారూ?"

"చూడ్డమా! కళ్ళతో చూసేవాళ్ళు వేరు తల్లీ, నాది నాలుక. ఇరవై ఏళ్ళ కిందట ఇదిగో, ఇక్కడే, నా కాలికి గోరంత ముక్క తగిలింది. నాలుక మీద పెట్టానో లేదో తెలిసిపోయింది, డైనోసార్ తోక చివర అని."

"కిందటి వారం వేలంత అన్నావు," అంది డల్సీ కప్పులు తుడుస్తూ.

"అది వేరే ముక్క! నువ్వు విను తల్లీ. రెండోసారి నాకేసరికి అది ఆడదనీ, ఎడంకాలు కుంటిదనీ తేలింది. మూడోసారి నాకితే, చచ్చిపోయిన పొద్దున ఏం తిన్నదో కూడా తెలిసింది. ఆకులు. లేతవి కాదు, ముదురువి. కాస్త చేదు."

"పన్నెండు కోట్ల ఏళ్ళ కిందటి చేదా?" అంది డల్సీ.

"చేదుకి వయసేమిటి?" సిలాస్ రెండో కప్పు అందుకుని మళ్ళీ మూడు చెంచాలు వేసుకున్నాడు. "ఆ తర్వాత ఏమైందో తెలుసా? తోక పట్టుకుని తవ్వుకుంటూ పోయాను. తోక అయితేగా! ఇసుక అయిపోయింది, సముద్రం వచ్చింది. ప్యాంటు మడిచి దిగాను. ఒక్కో వెన్నుపూస నాకుతూ, ఒక్కో అడుగు వేస్తూ, మధ్యాహ్నానికి నడుం దగ్గరికొచ్చాను, సాయంత్రానికి మెడ దగ్గరికి. తలెత్తి చూద్దును కదా, ఎదురుగా ఫ్రాన్సు! ఒకడు రొట్టె నములుతూ నా జంతువు తల మీద కూర్చుని చేపలు పడుతున్నాడు. 'లేవయ్యా, దీని తోక మా ఊళ్ళో ఉంది' అంటే లేవడే! తల వాళ్ళదీ, తోక మాదీ అని రెండు దేశాలకీ యుద్ధం వచ్చేదే. నేనే ఇద్దరికీ సర్దిచెప్పాను."

"మరి ఆ జంతువు ఏదీ?" అంది డల్సీ.

"పూడ్చేశాం. బయటికి తీస్తే ఈ దీవి కొట్టుకుపోదూ? దీన్ని కదలకుండా పట్టుకున్న మేకు అదే!"

మేవిస్ ఇదంతా సగమే విన్నది. ఫ్రాన్సు సంగతి ఆమె నమ్మలేదు. కానీ 'రాయి' అన్న మాట మాత్రం గుండెలో పడిపోయింది, మ్యూజియం అమ్మాయి గొంతుతో సహా. ఇక చాలనుకుంది. లేచి, నీళ్ళకేసి నడిచి, విసిరెయ్యడానికి చెయ్యెత్తింది.

"ఆగు మేవిస్!" డల్సీ కేక పెట్టింది. "సిలాస్, ఈవేళ టీ ఎలా ఉంది?"

"అమోఘం. ఎప్పట్లాగే చక్కగా, తియ్యగా."

"నువ్వు వేసుకున్నది చిప్స్ మీద చల్లే ఉప్పు. కప్పుకి మూడు చెంచాలు. నాకిన పన్నెండు కోట్ల ఏళ్ళ చేదు తెలిసింది గానీ, తాగుతున్న ఉప్పు తెలీలేదా?"

సిలాస్ కప్పులోకి చూశాడు. కొంచెం చప్పరించాడు. మళ్ళీ చూశాడు.

డల్సీ మేవిస్ దగ్గరికి వచ్చింది. "ఎముకని రుచి చూస్తారా ఎవరైనా? ఎండిన ముక్క, పొడి నాలుక, అంతే. ఎముకకి సన్నటి బెజ్జాలుంటాయి, నాలుకని పట్టుకుంటుంది. రాయి జారిపోతుంది. మా అమ్మ నేర్పింది నాకు. ఈయన తడి చేసిన వైపు కాదు, ఇటు తిప్పి పెట్టు."

మేవిస్ రుమాలుతో నాలుక తుడుచుకుంది. కళ్ళు మూసుకుని ముక్కని పెట్టుకుంది. భయంభయంగా చెయ్యి వదిలేసింది.

ముక్క పడలేదు.

తల ఊపింది. అయినా పడలేదు. కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే, నాలుక బయటపెట్టుకుని, ఆ అరవై రెండేళ్ళ మనిషి ఇసుక మీద గెంతింది. అంతలో రోడ్డు మీద బస్సు హారన్ మోగింది.

సిలాస్ ఆమె సంచీ పట్టుకుని వెనకాలే వచ్చాడు. మెట్టు దగ్గర నిలబడి, జేబులోంచి భూతద్దం తీసి, ఆమె నాలుక మీది ముక్కని చాలాసేపు చూశాడు. ఈసారి నిజంగా చూశాడు.

"బెజ్జాలున్నాయి," అన్నాడు మెల్లిగా. "ఏ జంతువుదో మాత్రం... నాకు తెలీదు మేవిస్. అడిగొచ్చి నాకూ చెబుతావా?"

'నాకు తెలీదు' అన్న మాట అతని నోట విన్నది ఊరు మొత్తం మీద ఆమె ఒక్కతే. జవాబు చెప్పాలంటే ముక్క తియ్యాలి, అది ఆమెకి ఇష్టం లేదు. గట్టిగా తలూపి బస్సెక్కింది.

"ఎక్కడికమ్మా?" అన్నాడు డ్రైవరు.

మేవిస్ నాలుక చాపింది.

డ్రైవరుదీ ఆ ఊరే. "ఓహో, మ్యూజియానికా," అని టికెట్ చింపి ఇచ్చాడు.