పావురం వాలని కపోతం

శామీర్‌పేట అవతల ఒక పాత గుడికి మరమ్మతు జరుగుతోంది. పరంజా మీద ముసలి శిల్పి, కొలతలు రాసుకునే అమ్మాయి.

“తాతా, ముందటికి వంగిన గీ రాతి అంచును ఏమంటరు?”

“కపోతం, బిడ్డా.”

“అంటే పావురం గదా! గా పేరెందుకొచ్చింది?”

“పావురం మెడ లెక్క వంగి ఉంటదని మా నాయిన అంటుండె. మా అవ్వ ఒప్పుకోకపోయేది. పావురాలు కూసున్నన్ని దినాలే అది కపోతం అనేది.”

“కూసోకుంటే?”

“గది చెప్పకనే పోయింది. నిన్ననైతే ఇరవై కూసున్నయి, నన్ను పని చెయ్యనియ్యలే.”

“ఇయ్యాల ఒక్కటి గూడ ఆగుతలేదు తాతా. అంచు మీద కాలు పెడుతున్నయి, ఉలిక్కిపడి లేస్తున్నయి.”

“ఏ దిక్కు?”

“గీ మూలకు. ఏంది, ఉలి కింద పెట్టినవు?”

“రాయి మీద చెయ్యి పెట్టకు. పుస్తకం ఆడనే ఇడిసిపెట్టి మెల్లగ దిగు.”

“భయమైతాంది తాతా. ఏమైందో చెప్పు.”

“పావురం కాలు పెడితేనే కదులుతాంది బిడ్డా. రాయి పట్టు ఇడిసింది, పడిపోతది. మా అవ్వ చెప్పనిది గిదే. దిగు!”

“తాతా...”

“ఇంకేంది?”

“సద్ది తెచ్చిన మా అమ్మ, కింద గీ అంచు నీడలనే పండుకున్నది.”