అస్సాం వెళ్ళొచ్చిన సంచీ

పంతొమ్మిది వందల ఇరవై ఏడో సంవత్సరం, అరకు సంత ముగిసిన మధ్యాహ్నం. జీలుగు చెట్టు కింద ఆకు దొప్పలు చేతికందాయంటే దర్జీ ఫిలిప్పు నోటికి తాళం ఉండదు. మిషను పాస్టరుగారు అనంతగిరి వెళ్ళారని రూఢి చేసుకుని మరీ వచ్చి కూర్చున్నాడు. చెట్టు గాసిది, కాబట్టి కల్లు వంచేదీ గాసే. ఎదురుగా ముసలి సోములమ్మ చుట్ట కాలుస్తోంది. ఇంకో ఐదారుగురు చేరారు. ఫిలిప్పు ఒళ్ళో ఒక సంచీ ఉంది.

“ఇది సూసినారా? ఈపుకి తగిలించుకునే సంచీ. సర్వే దొర ఈపున ఇలాటిది ఒక్కసారే సూసినాను, అంతే, కంటితోనే కొలత తీసీసినాను. కొత్త గుడ్డ గజం కొంటే ఒట్టు! దొర పారీసిన డేరా ముక్క అడుగుకి, గార్డుగారి సిరిగిన కాకీ నిక్కరు పక్కలకి, సంతలో పాతగుడ్డలోడు ఊరికే ఇచ్చీసిన కోటు సేతులు పట్టీలకి, లోపల అస్తరు మా ఇంటిది దేవమణి పాత కోక. ఒక్క పూటలో కుట్టీసినాను. పూటేటి, మీరు అంబలి తాగి మూతి తుడుసుకునే లోపల కుట్టీసినాను!”

“నా సొక్కాకి మూడు సంతలు తిప్పినావు గదా బావా” అన్నాడు గాసి.

“నీ సొక్కా ఏరు, ఇది ఏరు. ఆలకించు. మా దేవమణి దాని అన్నోళ్ళతో అస్సాం టీ తోటలకి ఎల్లిపోయి రెండేళ్ళు దాటిపోనాది, మీకు తెలిసిందే. మొన్న మూడు రోజులు నాను కనపళ్ళేదు గదా? ఎక్కడికెల్లినాననుకున్నారు? దాన్ని సూడ్డానికే, అస్సాం!”

“మూడు రోజుల్లోనా!”

“బేగి నడిసినాను. సామానంతా ఈ సంచీలోనే. మనోళ్ళకి కావిడి తెలుసు, తలమీద గంప తెలుసు. ఈపంటే పసిగుంటల సోటు. అదే తంటా అయ్యింది బావూ! గాలికొండ దిగీదాక ఊరూరా ఆడోళ్ళు అడ్డమొచ్చీసి ‘ఆడగుంటా, మొగగుంటడా?’ అని ఒకటే అడగడం. సెప్పి సెప్పి నోరు నొప్పెట్టి ‘మొగగుంటడే’ అనీసినాను. ఒకమ్మయితే ‘నిద్దరోతన్నాడా, లేపకు, లేపకు’ అనీసి గొడుగాకు కప్పీసినాది. ఆ తర్వాత ఏటయ్యిందో తెలుసా?”

“సెప్తేనే గదా తెలిసీది!”

“ఎలుగ్గొడ్డు! ఘాటీ మలుపులో నిలబడిపోనాది. సంచీలో పనసతొనల వాసన దానికి తగిలిందన్నమాట. నానేటి బయపడతానా? మూత తీసి పట్టుకున్నాను. అది దూరిపోనాది, నాను కొక్కెం పెట్టీసినాను. ఘాటీ కింద కోట ఊరి దాకా ఎలుగుని మోసుకుని దిగినాను, కుట్టు ఒక్కటి సాగితే నన్నడుగు. ఆ సంచీలోనే రెండు పుట్ల సోళ్ళు, అడ్డాకుల కట్టలు, కుంచెడు పిప్పళ్ళు.”

“ఎలుగు వాటిని తినీలేదేటి?”

“తిన్నాది. తిని నిద్దరోయింది. ఇజీనారంలో రైలెక్కినాం. రైలు ఎల్తా ఎల్తా అస్సాం కాడ ఏరు అడ్డమొచ్చి ఆగిపోనాది. ఏరంటే మన గెడ్డ కాదు, ఒడ్డు కనపడదు. పడవలూ లేవు, ఏటీ లేవు. జనం గొల్లుమన్నారు. నాకు జాలేసి ఏటి సేసినానో తెలుసా? ఇంజనూ, పెట్టెలూ, జనం, అంతా సంచీలోకి తోసీసి ఈదీసినాను!”

“ఎలుగు ఉండగానే?”

“ఉండగానేటి! లోపల టిక్కెట్లు సూసినాది అదే గదా!”

గాసి చేతిలో సొరబుర్ర ఒలికిపోయింది. చెట్టుకింద అందరూ పొట్టలు పట్టుకున్నారు. ఫిలిప్పు మాత్రం నవ్వలేదు.

“అస్సాంలో దిగినాను. కొండనిండా టీ మొక్కలు, మొక్కల నడుమ ఎయ్యిమంది ఆడోళ్ళు. అందర్లోనూ మా దేవమణిని ఎనకనించే ఆనవాలు కట్టీసినాను. దానికి కుడి బుజం కాసింత దిగి ఉంతాది. నాను పిలవనేలేదు, అదే తిరిగి సూసినాది. సూసి ఏటన్నాదో తెలుసా? ‘అన్నం తిన్నావేటి?’ అన్నాది.”

దొప్ప నోటిదాకా ఎత్తి, తాగకుండానే దించాడు.

“అంతే. ఎందుకొచ్చినావు అన్లేదు. తిన్నావేటి అన్నాది.”

“మరి ఎంటబెట్టుకు రాలేదేటిరా?” అంది సోములమ్మ.

“తోట దొర ఒగ్గుతాడేటప్పా! నాకు మా సెడ్డ కోపమొచ్చీసి ఆ టీ కొండనే ఏళ్ళతో పెరికి సంచీలో ఏసీసుకు వొచ్చీసినాను. ఊరి పొలిమేరకొచ్చీసరికి జారి పడిపోనాది. గాలికొండ పక్కన సిన్న కొండ ఉన్నాది సూడండి, అదే ఇది!”

“ఆ కొండమీద నా సిన్నప్పుడు కట్టెలు కొట్టీదాన్రా” అంది సోములమ్మ, చుట్ట పక్కన పెట్టి. “ఇటియ్యి ఆ సంచీ.”

అటూ ఇటూ తిప్పి చూసింది. పట్టీల మీద వేలితో రుద్దింది. “ఎలుగునీ రైలునీ మోసిన పట్టీలకి సెమట మరక లేదు. ఏదీ, తగిలించుకో, సూద్దాం.”

ఫిలిప్పు మబ్బు పట్టిందన్నాడు, ఇంటికాడ పనుందన్నాడు. గాసి వదల్లేదు, చెయ్యి పట్టుకుని పట్టీలో దూర్చాడు. పట్టీ మోచేతి దగ్గర ఆగిపోయింది. రెండో చెయ్యి అసలు దూరనే లేదు. సంచీ మోచేతికే వేలాడుతుంటే మళ్ళీ అందరూ గొల్లున నవ్వారు.

సోములమ్మ నవ్వలేదు. సంచీ తీసి తను తగిలించుకుంది. ఆమెకి అది చక్కగా కూర్చుంది, కుడి పట్టీ ఒక్కటే వేలెడు పొట్టిగా ఉంది.

“ఇది నీ కొలత కాదురా ఫిలిప్పూ. కుడి బుజం దిగిన దేవమణి కొలత.”

ఫిలిప్పు నేల చూపు చూస్తూ మాట్లాడాడు.

“అదే కుట్టమన్నాది. ‘సేతులు కాళీగా ఉంతాయి, అన్న పిల్లల్ని నడిపించుకెల్తాను’ అన్నాది. అయ్యిందేటి, అయ్యిందేటి అని రోజూ అడిగీది. రేపు, రేపు అన్నాను. పగలు కుట్టడం, అది అటెల్తే ఇప్పీడం. సంచీ అవ్వకపోతే ఎల్లదు గదా అనుకున్నానప్పా. పాత కోకలో గుడ్డలు మూట కట్టుకుని నెత్తిన పెట్టుకుని ఎల్లిపోనాది. అది ఎల్లిపోనాకే ఇది పూర్తి సేసినాను. ఇన్ని కోతలు కోసీ నోరు నాది. ‘ఉండిపోవే’ అని ఒక్క మాట రాలేదు ఆ రోజు.”

గాసి అతని దొప్ప నింపాడు. అది ఫిలిప్పు ముట్టలేదు.

“ఆ పట్టీలు ఇప్పి నీ కొలతకి కుట్టుకో బావా. ఎల్లి తీసుకురా. గుడ్డ సాలకపోతే నా తలగుడ్డ ఇత్తాను” అన్నాడు గాసి.

“ఇప్పితే ఆ కొలత పోద్దిరా. నాకాడ దానిదంటూ ఉన్నది అదొక్కటే.”

సోములమ్మ సంచీ భుజాల మీంచి తీసి తెచ్చి అతని ఒళ్ళో పెట్టింది.

“కొలత కావాలా నీకు, మడిసి కావాలా?”

ఫిలిప్పుకి ఏడుపొచ్చింది, దాచుకోలేదు. కళ్ళు తుడుచుకుని, కుడి పట్టీ మొదట్లో కుట్టు ముడి ఎక్కడుందో గోటితో వెతికి, పళ్ళతో పట్టుకుని తెంపాడు.