రాజుగారికి పడిన ఒంటిపన్ను

గ్యుమ్రీ ఊళ్ళో ఒక ఇంటి డాబా. పావురాల గదిలో దూరి లోపల గడియ పెట్టుకున్న రిటైర్డు చరిత్ర మాస్టారు జిరాయిర్, తలుపు బయట ఆయన భార్య షూషాన్. కింద, మనవడికి మొదటి పన్ను వచ్చిన పండుగ.

"గడియ తీయండి."

"పావురాలకి గింజలు వేస్తున్నాను, షూషాన్."

"పొద్దున వేశారుగా."

"అది ఫలహారం. ఇది భోజనం."

"ఏమండీ, ఇంటినిండా జనం. ఉడికించిన గోధుమలు పిల్లాడి నెత్తిన పోశాం, ఇక అందరికీ వడ్డించాలి. తాతగారేరీ అని అడుగుతున్నారు."

"అడుగుతున్నారా, నవ్వుతున్నారా?"

"నవ్వుతూ అడుగుతున్నారు."

"వియ్యంకుడో?"

"వనూష్ అన్నయ్యగారు నవ్వలేదు."

"అదే నా భయం. దర్జీ నవ్వడం లేదంటే మనిషిని కొలుస్తున్నాడన్నమాట."

"అసలు ఆ నాణెం ఎందుకు పెట్టారండీ? అందరిళ్ళలోనూ పిల్లాడి ముందు కత్తెర, దువ్వెన, పుస్తకం, సుత్తి పెడతారు. ఏది పట్టుకుంటే ఆ పని చేసి బతుకుతాడని. డబ్బే పెట్టాలనుకుంటే ఓ వంద డ్రాముల బిళ్ళ చాలదూ?"

"వంద డ్రాములు పెడితే వాడు కత్తెరే పట్టుకునేవాడు. తండ్రి దర్జీ, తాత దర్జీ. వాళ్ళ వైపు దర్జీలుంటే మన వైపు కాస్త దర్జా ఉండొద్దూ? అందుకని మన పాత వెండి నాణెం మీది తిగ్రాన్ చక్రవర్తిని దింపాను."

"దిగాడు. పిల్లాడు రెండు చేతులా పట్టుకున్నాడు. చప్పట్లు కొట్టాం. ఆ తర్వాత కొరికాడు."

"కొరకలేదు. చప్పరించాడు."

"కొరికాడండీ. చక్రవర్తి చెంపలో పన్ను దిగింది. పైన వెండిపూత లేచి కింద సీసం బయటపడింది. అమ్మాయి వాడి నోరు కడిగిందే కడిగింది, పాపం."

"దేశదేశాల దగ్గర పన్ను వసూలు చేసిన రాజు, షూషాన్. ఒక్క పన్నుకి దొరికిపోయాడు."

"ఇప్పుడు కూడా చమత్కారమేనా?"

"ఏడవడం చేతకాక. నాణెం అన్నాక నాణ్యం ఉండొద్దూ? అసలు సిసలు అనుకున్నది అసలు సీసం. రాజుగారి మొహమే చెల్లనప్పుడు నేను ఏ మొహం పెట్టుకుని దిగను?"

"ఉన్న మొహమే పెట్టుకుని దిగండి."

"బళ్ళో ఎంతమంది పిల్లలకి చూపించానే. చూడండర్రా, కిరీటం మీద నక్షత్రం, దానికి అటొక గద్ద, ఇటొక గద్ద. కిలికియాలో మన లెవోన్ రాజు సింహాల వెండి నాణేలు చెల్లకుండా పోయాక ఆరువందల ఏళ్ళు మన జేబుల్లో తిరిగినవన్నీ పరాయి డబ్బులే. పారసీకులవి, తురుష్కులవి, రష్యావాళ్ళవి. మా ఇంట్లో మాత్రం మన రాజు కాపురమున్నాడర్రా అనేవాణ్ణి. వాళ్ళు చేతులు కడుక్కొచ్చి మరీ ముట్టుకునేవాళ్ళు. సీసాన్ని."

"ఆ రాజు సంగతి నా దగ్గర ఎత్తకండి."

"నువ్వు కూడానా?"

"కరెంటు లేని ఆ చలికాలం గుర్తుందా? రూబుళ్ళు చిత్తుకాగితాలై, కొత్తగా వచ్చిన మన డ్రాములకి రొట్టె దొరక్క... కుర్చీలు పొయ్యిలో పెట్టాం. పుస్తకాల బీరువా పెట్టాం. అప్పుడన్నాను, ఆ నాణెం అమ్మేద్దామండీ అని."

"రాజుని అమ్ముకుంటామా అన్నాను."

"అని నా పియానో పగలగొట్టారు."

"షూషాన్..."

"మా అమ్మ ఇచ్చిన పియానో. నేను చూస్తూ నిలబడ్డాను."

"అమ్మబోతే అప్పుడే సీసమని తేలేది. పియానో ఎలాగూ పొయ్యిలోకే వెళ్ళేది."

"వెళ్ళేది. కానీ ఇద్దరం కలిసి చలి కాచుకునేవాళ్ళం. ఒకే పొయ్యి ముందు ఎడమొహం పెడమొహంగా కూర్చున్నాం, చలికాలమంతా."

"గింజలైపోయాయి."

"ఉండండి, ఎవరో మెట్లెక్కుతున్నారు. వనూష్ అన్నయ్యగారు."

"నేను లేనని చెప్పు."

"ఏం చెప్పను, ఎగిరిపోయారనా?"

"బావగారూ, నేను, వనూష్‌ని."

"రా బావా. నీ వంతు. నిశ్చితార్థం నాడు మీరు మా అమ్మాయికి పెట్టిన వెండి గాజుని నలుగురిలో పంటితో కొరికి చూశాను. దర్జీ ఇంటి వెండి కదా, లోపల అస్తరు వేశారేమో అన్నాను."

"అన్నారు. అందరూ బాగా నవ్వారు."

"నువ్వు నవ్వలేదు."

"నాకు నవ్వు ఆలస్యంగా వస్తుంది, బావగారూ."

"అయితే ఇప్పుడు నవ్వేసెయ్."

"అందుకు రాలేదు. కింద ఒక మాట చెప్పి వచ్చాను. పిల్లాడు మింగేస్తాడేమోనని అసలు నాణెం నేనే దాచేసి, సంతలో కొన్న నకలు తివాచీ మీద పెట్టానని."

"అలా చెప్పారా, అన్నయ్యగారూ?"

"నమ్మారు చెల్లెమ్మా. అడక్కుండా మార్చాడు, బుద్ధిలేని మనిషని నన్ను తిట్టుకుంటున్నారు కూడా. బావగారు దిగి, అసలుది భద్రంగా ఉందని ఒక్క ముక్క అంటే చాలు."

"ఎందుకు చేశావు ఇదంతా?"

"గోధుమలు చల్లారిపోతున్నాయి, రండి."

"అది నకలని నీకెప్పుడు తెలిసింది, బావా? ఇవాళేనా?"

"వాల్‌నట్లు కూడా బాగా దట్టించింది చెల్లెమ్మ."

"నిన్నే అడుగుతున్నాను."

"వదిలేద్దాం, బావగారూ."

"షూషాన్, పక్కకి జరుగు. తలుపు బయటికి తెరుచుకుంటుంది."

"అమ్మయ్య. అయ్యో, నెత్తినిండా ఈకలే. కాస్త దులుపుకోండి. అన్నయ్యగారు చెప్పినట్టే అనండి, సరేనా?"

"అనను. నా పరువుకి అతుకెయ్యడానికి బావ అబద్ధం కుట్టాడు. అది చాలు. అసలుది అంటూ ఏదీ లేదని నేనే చెబుతాను. పియానో సంగతి కూడా చెబుతాను."

"పియానో మాటెందుకండీ ఇప్పుడు?"

"చెప్పాలి. గాజు కొరికినందుకు బావని అందరిముందూ క్షమించమని అడుగుతాను."

"వద్దు బావగారూ. నన్ను అడగకండి."

"నిన్ను కాకపోతే ఎవర్ని అడగను?"

"ఎవర్నీ వద్దు. దిగి భోంచేద్దాం."

"దిగి అడిగే తీరుతాను. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. మా నాన్న అమాయకుడు. ఫ్యాక్టరీలో ఒళ్ళు హూనం చేసుకుని సంపాదించిన జీతమంతా పోసి కొన్నాడు. పోయేముందు నా చేతిలో పెట్టి, మన రాజు జాగ్రత్తరా అన్నాడు. ఆయనకి ఆ సీసం అంటగట్టినవాడెవడో, వాడికీ, వాడి కొడుక్కీ, మనవడికీ, మునిమనవడికీ నోట్లో ఒక్క పన్ను—"

"మునిమనవడి జోలికి పోకండి బావగారూ, వాడు కింద తివాచీ మీద ఉన్నాడు. ఆ నాణెం అమ్మింది మా నాన్న."