పాస్టరు గారి జ్వరం

రోడ్లు ఊడ్చే పక్కింటావిడ పాలగ్లాసుతో పాస్టరు గారి ఇరుకు గదిలోకి విసురుగా వచ్చింది.

"మూడు రోజుల్నించి జ్వరమంట! చెప్పరేం?"

"మీకున్న తిప్పలు చాలవా, అక్కా?"

"మాలో ఎవరికి ఒళ్లు కాలినా పరిగెత్తుకొచ్చి ప్రార్థన చేస్తారే! మీకోసం మేం చెయ్యకూడదా? మేమంత పనికిరానివాళ్లమా?"

ఆ మాట ఆయనకు సూటిగా తగిలింది.

"తప్పే. ఇప్పుడు చెయ్యక్కా."

"నాకు రాదుగా!"

"నోటికొచ్చినట్టు చెయ్యి. దేవుడు వింటాడు."

ఆమె చెయ్యి కొంగుకు తుడుచుకుని ఆయన నుదుటిమీద పెట్టింది.

"ప్రభువా, ఈ తమ్ముడు అందరికోసం నిన్ను అడుగుతాడు, తనకోసం మాత్రం ఎవర్నీ ఏమీ అడగడు. వట్టి మొండిఘటం. జ్వరం తగ్గించు. తగ్గాక కాస్త గడ్డి పెట్టు."

"ఆమేన్," అన్నాడాయన, నవ్వాపుకోలేక.

"ఆమేన్ సరే. పాలు చల్లారిపోతున్నాయి, తాగు తమ్ముడూ."