శనివారం విమానాలు ఆగవు: హయాత్ మాస్టారికి అభినందన

1994 జూలై 11వ తేదీన దర్శి మండలంలోని ఒక ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయులుగా బాధ్యతలు స్వీకరించిన శ్రీ షేక్ హయాత్ బాషా గారు, ముప్పై ఒక్క సంవత్సరాలకు పైబడిన సేవ అనంతరం, ఈ ఫిబ్రవరి 28న మా ఉన్నత పాఠశాలలో పదవీ విరమణ చేస్తున్నారు. పదో తరగతితో చదువు ఆపిన అటెండరును నేను. నా రాతలో తప్పులుంటే పెద్దలు మన్నించాలి. అభిప్రాయం మాత్రం మార్చుకోను.

2007లో భౌతికశాస్త్ర ఉపాధ్యాయులుగా పదోన్నతి పొంది, 2015లో మా బడికి బదిలీపై వచ్చిన మాస్టారు, మరుసటి ఏడే శనివారం సాయంత్రాలు పిల్లలచేత థర్మోకోలు, వెదురు పుల్లలతో విమానాలు చేయించడం ప్రారంభించారు. రెక్క కింద గాలి ఏం చేస్తుందో, బరువు ఎక్కడుంటే విమానం నిలకడగా పోతుందో పిల్లల చేతుల్లోనే బోధించారు. విమానం పడితే, పడిన కారణం నోటుపుస్తకంలో రాయనిదే మళ్ళీ ఎగరెయ్యకూడదన్నది వారి నియమం.

మా అమ్మాయి శ్రీరమ్య ఎనిమిదో తరగతిలో ఆ క్లాసులో చేరింది. బ్లేడుతో వేలు తెగుతుందేమో, విమానం వెనక పరుగెత్తి బావిలో పడుతుందేమో అని నాకు ఒకటే గుబులు.

అప్పుడే ఒక విమానం బడి పక్క కల్లంలో పడి, దాని కోసం వెళ్ళిన పిల్లలు ఎండబోసిన మిరపకాయలు తొక్కారు. కల్లం మా పాఠశాల కమిటీ ఛైర్మన్ చెంచయ్య గారిది. “ఈ ఆటలు ఆపండి మాస్టారూ” అన్నారాయన. “శనివారం వచ్చి ఒక్కసారి చూడండి. ఆ తర్వాత ఆపమంటే ఆపేస్తాను” అన్నారు మాస్టారు.

ఆ శనివారం పొద్దున మా అమ్మాయి విమానం ముక్కులో ఇనుప మేకు కనిపించింది. ఎవరి కంట్లోనైనా గుచ్చుకుంటే? పీకి పారేశాను. ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం విమానం ముక్కు పైకెత్తి, గాల్లో ఒక్క క్షణం ఆగి, సరాసరి చెంచయ్య గారి కాళ్ళ దగ్గర కూలింది.

“ఇదేనా మీ ఇంజనీరింగు? మా కోడిపెట్ట నయం!”

“ఉండండి, కారణం రాయనివ్వండి” అన్నారు మాస్టారు.

“నాకు పనుంది!”

“రాయకుండా ఎగరెయ్యమండీ. ఎవరొచ్చినా అంతే.”

శ్రీరమ్య కళ్ళు తుడుచుకుంటూ రాసింది: ‘ముక్కులో బరువు లేదు. మేకు ఎవరో తీశారు.’

“‘ఎవరో’ కొట్టెయ్యమ్మా. ఎగరేసే ముందు నువ్వు చూసుకోలేదు. అది రాయి” అన్నారు మాస్టారు.

నేను ముందుకొచ్చాను. “నేనే తీశానండీ” అన్నాను.

మాస్టారు కోప్పడలేదు. ఆ పుస్తకం నా చేతికే ఇచ్చారు. “ఎందుకు తీశారో మీరూ రాయండి కోటేశ్వరి గారూ.”

అందరి ముందూ రాశాను: ‘మేకు కంట్లో పడుతుందని భయం.’

వారు చదివి, “ఇదీ కారణమే. మనం ఆలోచించాల్సింది, ఆలోచించలేదు. ఇక మేకులొద్దు, గుడ్డలో మట్టి చుట్టి పెట్టండి” అని పిల్లలకు చెప్పారు. రెండోసారి విమానం గ్రౌండు దాటేదాకా దిగలేదు. చెంచయ్య గారు చూసి చూసి, “నా కల్లం వైపు మాత్రం విసరకండేయ్” అని వెళ్ళిపోయారు. క్లాసు నిలబడింది.

శ్రీరమ్య ఇప్పుడు పదో తరగతి. మాస్టారితోపాటే క్లాసూ పోతుందని కొందరంటున్నారు. “ఆడపిల్లకు విమానాలెందుకు, పట్నంలో బ్రాడీపేట కోచింగులో వెయ్యక?” అని నన్ను అడిగినవాళ్ళూ ఉన్నారు. వారికి మాస్టారి వీడ్కోలు కోసం వేస్తున్న ఈ సంచిక ముఖంగానే జవాబిస్తున్నాను. క్లాసు కొనసాగించాలని హెడ్‌మాస్టరు గారికి తల్లిదండ్రులం అర్జీ ఇచ్చాం. మొదటి సంతకం నాది, రెండోది చెంచయ్య గారిది. పది అయ్యాక కూడా శనివారాలు వచ్చి కింది తరగతులవారికి నేర్పడానికి మా అమ్మాయి ఉంది. నా భయం పోలేదు, పోదు కూడా. భయపడుతూనే పంపుతాను.

మాస్టారూ, మీరు, మీ శ్రీమతి జాన్‌బీ గారు ఆయురారోగ్యాలతో చిరకాలం వర్ధిల్లాలి. బీపీ మాత్ర మరవకండి, ఎండలో టోపీ లేకుండా తిరగకండి. మీరు తీరిగ్గా విశ్రాంతి తీసుకోండి. వచ్చే శనివారం సైన్సు గది తలుపు నేను తీస్తాను.